మీకు తెలుసా? అబిడ్స్‌లో బోర్డుల పైనున్న ఊరు

ఆదివారం పొద్దున అబిడ్స్‌లో అందరివీ వంచిన తలలే. దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. ఏ అట్ట కింద ఏ నిధి ఉందోనని ఒంగి వెతుకుతుంటాం. అలా ఒంగి ఒంగి నడుం పట్టేసినప్పుడు ఒక్కసారి లేచి నిలబడి తల పైకెత్తండి. ఫ్లెక్సీలు, బోర్డులు ఎక్కడ ముగుస్తాయో అక్కడ ఇంకో ఊరు మొదలవుతుంది. కమాను కిటికీలు, సున్నంతో తీర్చిన పూలతీగలు, చజ్జాను మోసే రాతి బ్రాకెట్లు, పిట్టగోడ పగులులో వేళ్లు దించిన రావిమొక్క. కింది అంతస్తు వ్యాపారం మారినప్పుడల్లా ముఖం మార్చుకుంటుంది. పై అంతస్తు జోలికి ఎవరూ పోలేదు, అందుకే మిగిలింది.

ఇంగ్లండులో రెండు మూడు వందల ఏళ్ల నాటి వరసిళ్ల వీధులున్నాయి. వాటి కిటికీ చట్రం నుంచి తలుపు మీది గాజుపలక దాకా ప్రతిదాని వెనకా ఒక కథ చెబుతారు. ఆ వరసిళ్లకూ మన అబిడ్స్, నాంపల్లి కట్టడాలకూ చుట్టరికం ఉంది. ఈ సంగతుల్లో కొన్ని అక్కడివి, ఎక్కువ ఇక్కడివి.

టెర్రస్ అంటే వాళ్లకు ఇళ్ల వరస, మనకు ఇంటి పైకప్పు

మనం టెర్రస్ మీద బట్టలు ఆరేస్తాం, వడియాలు పెడతాం, ఎండాకాలం రాత్రుళ్లు పక్కలు వేసుకుంటాం. లండన్‌లో టెర్రస్ అంటే గోడకు గోడ ఆనించి ఒకే తీరున కట్టిన ఇళ్ల వరస. రెండూ ఒక్క మాటే. నేల అని అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టింది. ఎత్తు చేసి చదును చేసిన నేలకు ముందు ఆ పేరుండేది. అక్కడ ఆ నేల మీద లేచిన ఇళ్లకు అంటుకుంది, ఇక్కడ ఇంటి మీది చదునుకు అంటుకుంది.

మన అర్థం ఇంతగా స్థిరపడటంలో మద్రాస్ టెర్రస్ అనే కప్పు పాత్ర చిన్నది కాదు. సిమెంటు స్లాబు రాకముందు దక్షిణాదిన మేడలకు వేసిన కప్పు అది. టేకు దూలాలు వరసగా పరిచి, వాటి మీద సన్నటి చిన్న ఇటుకల్ని నిలువంచున, ఏటవాలు వరసల్లో సున్నంతో అతికేవారు. కింద పలకల ఆధారం లేకుండా, ఒక మూల నుంచి మొదలుపెట్టి, ఒక వరస పట్టు చిక్కాక దానికి ఇంకో వరస ఆనించుకుంటూ పోవడం తాపీమేస్త్రీ చేతి నేర్పు. దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపిన మందపాటి పొర. ఆడకూలీలు వరసగా కూర్చుని చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి దాన్ని కొట్టేవారు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు చిలకరిస్తూ, పాటలు పాడుతూ, దెబ్బ దెబ్బకూ లయ కలుపుతూ కొట్టేవారు. అలా గట్టిపడిన కప్పు వానను ఆపేది, ఎండను కూడా ఆపేది. పాత మేడలో మే నెల మధ్యాహ్నం కూర్చున్నవాళ్లకు ఆ చల్లదనం గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ముందు నుంచి ఒక్క భవనం, వెనక నుంచి ముప్పై ఇళ్లు

ఇంగ్లండులోని బాత్ పట్టణంలో రాయల్ క్రెసెంట్ అనే నెలవంక ఆకారపు వరస ఉంది. చిన్న జాన్ వుడ్ అనే వాస్తుశిల్పి రూపకల్పనలో 1767 నుంచి 1774 మధ్య కట్టారు. అందులో 30 ఇళ్లు, ముఖభాగాన 114 స్తంభాలు. ముందు నుంచి చూస్తే ఎవరో మహారాజు కోట అనిపిస్తుంది. వెనక్కి వెళ్లి చూస్తే ఒక్కో ఇల్లు ఒక్కో ఎత్తు, ఒక్కో తీరు. అక్కడ కొన్నవాళ్లు ముందుగోడలో కొంత పొడవు కొనుక్కుని, దాని వెనక ఎవరి ఇల్లు వాళ్లు తమకు నచ్చినట్టు కట్టించుకున్నారు. ముఖం వీధిది, వెనక భాగం ఎవరిది వాళ్లది. ఊరి అందానికీ సొంతదారు ఇష్టానికీ మధ్య ఇంత చక్కటి ఒప్పందం నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

హైదరాబాదులో ఆ ఒప్పందం ఇళ్లకంటే ఎక్కువగా దుకాణాల దగ్గర కుదిరింది. చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టిలో రోడ్డుకు రెండువైపులా ఒకే కొలత రాతి కమానులు సాగిపోతాయి. వాటి వెనక ఒకరిది చీరల కొట్టు, ఒకరిది అత్తరు, ఒకరిది ముత్యాలు. అదే ఆలోచన నాంపల్లి వైపు వచ్చి నిలిచిన చోటు మోజంజాహీ మార్కెట్.

వరద కట్టించిన మార్కెట్

ఈ మార్కెట్‌కు ఐస్‌క్రీమ్ తినడానికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఆ కట్టడం కథ 1908 సెప్టెంబర్ 28న మొదలైందని ఎరగరు. ఆ రోజు మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. వేలమంది పోయారు. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి, పైన రెండు జలాశయాలు కట్టాలనీ, ఊళ్లో మురుగు కాలువలు వేయాలనీ సూచించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా పుట్టాయి. దాంతోపాటు ఊరినే మళ్లీ తీర్చాలన్న ఆలోచన బలపడి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు గల్లీలను తొలగించి, రోడ్లు వెడల్పు చేసి, గాలీ వెలుతురూ వచ్చేలా ఇళ్లు కట్టడం దాని పని. ఇరుకు బస్తీలను తీసేసి కొత్తగా తీర్చిన పేటల్లో నాంపల్లి ఒకటి. అద్దె కట్టగలిగే స్తోమతను బట్టి తరగతులుగా విడదీసి, వరసల్లో ఇళ్లు కట్టారు. ఇంగ్లండు వరసిళ్ల పద్ధతికి మన దగ్గర అసలైన దగ్గరి చుట్టాలు ఆ ఇళ్లే. పాతవాళ్లు ఇప్పటికీ సీఐబీ క్వార్టర్స్ అంటారు.

ఏడో నిజాం రెండో కొడుకు మోజంజా ఆ బోర్డుకు అధ్యక్షుడు. ఆయన పేరు మీద 1935లో మార్కెట్ తెరిచారు. అబిడ్స్, నాంపల్లి, కోఠీ, బేగంబజార్ వైపుల నుంచి వచ్చే దారులు కలిసే చోటు అది. ఆ మూల స్థలం మూడుకోణాలది. దాన్ని లోపంగా తీసుకోకుండా, ఆ మూలనే ముక్కుగా చేసి గడియారం బురుజు నిలబెట్టారు. అక్కడి నుంచి రెండు రెక్కలు రెండు రోడ్ల వెంట వెనక్కి వెళ్తాయి. విసనకర్ర విప్పినట్టుంటుంది. రెక్కల్లో వరసగా కొట్లు, మధ్యలో ఆవరణ. పైన గుమ్మటాలు, కింద కోసు కమానులు, గోడంతా మన నేల గ్రానైట్.

గ్రానైట్ అని ఊరికే అనేస్తాం. బాత్‌లో వాడిన సున్నపురాయి మెత్తటిది, తేనె రంగుది, రంపంతో కోయవచ్చు. హైదరాబాదు కింద ఉన్న రాయి దాదాపు రెండున్నర వందల కోట్ల ఏళ్ల నాటిది. ఉలికి అంత తేలిగ్గా లొంగదు. సన్నటి ఆకులూ తీగలూ దాని మీద చెక్కాలంటే ప్రాణం పోతుంది. అందుకే మోజంజాహీ మార్కెట్‌లో నగిషీ తక్కువ. అందమంతా కమాను వంపులో, రాయి రాయికీ మధ్య అతుకులో, ఎండ పడినప్పుడు లోపల నిలిచే నీడలో ఉంది. రాయి గుణం తెలిసి గీసినవాళ్ల పని అది.

మొదట ఇది పండ్ల మార్కెట్. 1980లలో పండ్ల వ్యాపారం ఊరి చివరికి తరలిపోయింది. సీతాఫలం, మామిడి గుజ్జుతో చేసే ఐస్‌క్రీమ్ కొట్లలో ఆ పండ్ల వాసన మాత్రం మిగిలింది. ఏళ్ల తరబడి రేకులు, వైర్లు, బోర్డులు కప్పేసిన కట్టడాన్ని 2018లో మరమ్మతుకు తీసుకుని, 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. రేకులు దించిన రోజు నుంచి కమానుల వరస రోడ్డు మీదికి కనబడుతోంది. వినాయక నిమజ్జనం రోజు ఊరేగింపులు ఈ కూడలిలో కలుస్తాయి. అప్పుడు విగ్రహాలతోపాటు ఆ కమానులకూ దీపాల వెలుగు అందుతుంది. వీలైతే ఆ రాత్రి చూడండి.

మల్గీ, మడిగె

హైదరాబాదులో రోడ్డుకు ముఖం పెట్టిన వరస కొట్టు గదిని మల్గీ అంటారు. అద్దెకు మల్గీ కలదు అన్న బోర్డులు అన్ని బస్తీల్లోనూ కనిపిస్తాయి. తెలంగాణ పల్లెల్లో అదే గదిని మడిగె అంటారు. మడిగ అంటే అంగడి అని పాత తెలుగు మాట. రెండు మాటలూ పక్కపక్కన పెట్టి పలికి చూడండి.

పిట్టగోడ వెనక ఒక అగ్నిప్రమాదం ఉంది

1666లో లండన్ తగలబడింది. చెక్క ఇళ్లు ఒకదాని నుంచి ఒకదానికి నిప్పు అందించుకున్నాయి. మరుసటి ఏడాది వచ్చిన చట్టం ఇటుకతోనో రాతితోనో కట్టాలని చెప్పింది. రెండిళ్ల మధ్య ఉండే ఉమ్మడి గోడకు మందం నిర్ణయించింది. 1707లో ఇంకో చట్టం కప్పు అంచున చెక్క చూరు ఉండకూడదని ఆపేసింది. చూరు పోయిన చోట ముందుగోడ కప్పు దాటి పైకి లేచింది. వాలు కప్పు దాని వెనక దాక్కుంది. ఆ తరవాతి లండన్ వరసిళ్లలో చాలావాటికి ఆ చదును తల ఒక గుర్తు.

మన పిట్టగోడకు కారణం వేరు. మనకు వెనక దాచాల్సిన వాలు కప్పు లేదు, మనుషులున్నారు. పడుకునే పిల్లలు దొర్లి పడకుండా, ఆడవాళ్లు పక్కవాళ్ల కంట పడకుండా, సంక్రాంతికి గాలిపటం ఎగరేసేవాడు వెనక్కి అడుగులు వేసినా ఆగేలా. అబిడ్స్ పాత మేడల పిట్టగోడల్లో సున్నంతో పోసిన బొద్దు కాడల వరస కనిపిస్తుంది. ఆ సందుల్లోంచి గాలి వస్తుంది, కింద వీధి కనిపిస్తుంది, మనం మాత్రం కనిపించం.

ఉమ్మడి గోడ సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ గోడ ఎవరిది, దాని మీద దూలం ఎవరు మోపవచ్చు, కూలిస్తే ఖర్చు ఎవరిది అన్న తగవుల్ని తేల్చడానికి లండన్‌లో చట్టాలు చేశారు. మన అగ్రహారాల్లో కూడా ఇళ్లు గోడకు గోడ ఆనుకునే ఉండేవి. ఒకే ఎత్తు అరుగులు, ఒకే వరస చూరు. అక్కడ అన్నదమ్ముల పంపకాలు మొదలు ఊరి పెద్దల తీర్పుల దాకా ఎన్నో ఆ ఒక్క గోడ చుట్టూ తిరిగాయి. వీధివైపు అరుగు మాత్రం ఎవరు వచ్చి కూర్చున్నా అడిగేవారు కాదు.

నాలుగంగుళాల నీడ

అగ్నిభయంతోనే 1709లో లండన్‌లో కిటికీ చట్రాల్ని గోడ ముఖం నుంచి నాలుగంగుళాలు లోపలికి జరపమన్నారు. నిప్పు ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి పాకకుండా ఉండాలని. దాంతో ప్రతి కిటికీ చుట్టూ సన్నటి నీడ గీత పడింది. గోడకు లోతు వచ్చింది. అక్కడి వరసిళ్ల ముఖాలు మనకు అంత పొందికగా కనిపించడానికి ఆ గీత ఒక కారణం.

మన దగ్గర గోడలే అడుగున్నర, రెండడుగుల మందం. కిటికీ లోపలికి ఉండటం ఎండ కోసం. పైన చజ్జా, కింద మందపు గోడ, నడుమ చెక్క రెక్కల తలుపులు. గది కప్పు దగ్గర చిన్న వెంటిలేటర్, తాడు లాగితే తెరుచుకునేది. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి కప్పును పద్నాలుగు పదహారు అడుగుల ఎత్తున పెట్టి, ఆ గాలికి దారి అక్కడ ఇచ్చారు. ఇప్పుడు పాత గదుల్లో ఆ ఎత్తును రెండుగా కోసి, నడుమ చెక్క అటక కట్టి సరుకు పెడుతున్నారు. వెంటిలేటర్ అటక వెనక మూసుకుపోతుంది. తరవాత ఏసీ కొంటారు.

ఇంగ్లండులో 1696 నుంచి 1851 దాకా కిటికీల మీద పన్ను ఉండేది. పన్ను తప్పించుకోవడానికి కొందరు ఇటుకతో కిటికీలు పూడ్చేశారు. అయితే వరసిళ్లలో మూసిన కిటికీ కనిపిస్తే ప్రతిదీ పన్ను వల్లే అనుకోనక్కర్లేదు. చాలావాటిని మొదటి రోజే, వరసకు పొందిక చెడకుండా, ఉత్తుత్తి కిటికీలుగా కట్టారు.

తలుపు నెత్తిన నెలవంక

వరసలో నడుమ ఇంటికి పక్క గోడల్లో కిటికీలు పెట్టడానికి వీల్లేదు. వెలుగు ముందు నుంచి రావాలి, లేదా వెనక నుంచి. వీధి తలుపు మూస్తే నడవ చీకటి. అందుకే తలుపు మీద అరచంద్రంలా గాజు పెట్టారు. విసనకర్ర పుల్లల్లాంటి ఇనుప కాడలు ఉండటంతో దానికి ఇంగ్లిషులో విసనకర్ర పేరే వచ్చింది. హైదరాబాదు పాత ఇళ్లలో తలుపుల మీద అదే అరచంద్రం కనిపిస్తుంది, కాకపోతే ఎరుపు, నీలం, ఆకుపచ్చ గాజులతో. ఎండ ఏటవాలుగా పడే వేళ గచ్చు నేల మీద ఆ రంగులు ఒక గంట పాటు జరుగుతూ వెళ్తాయి. ఆ గాజు ఒకటి పగిలితే అలాంటిది మళ్లీ దొరకడం కష్టం. మామూలు గాజో అట్టముక్కో పెట్టి సరిపెడతారు.

రాయిలా కనిపించే సున్నం

అబిడ్స్ నుంచి కోఠీకి పదిహేను నిమిషాల నడక. అక్కడ బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది. జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ కాలంలో 1803లో మొదలైన కట్టడం. తలల మీద ఆకుల నగిషీ ఉన్న ఎత్తైన స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు. చాలాకాలం ఆడపిల్లల కాలేజీగా ఉంది, ఇప్పుడు వీరనారి చాకలి ఐలమ్మ పేరు మీది మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. ఏళ్లపాటు సాగిన మరమ్మతు తరవాత 2023లో మళ్లీ తెరిచారు.

చూడ్డానికి ఇంగ్లిషు భవనం, ఒంటి మీద మెరుపు మాత్రం మన డంగు సున్నానిది. గానుగలో ఎద్దులు తిప్పే రాతిచక్రం కింద సున్నమూ ఇసుకా నలిగి నలిగి వెన్నలా అయ్యేవి. చివరి పూతకు నున్నటి రాయితో రుద్ది రుద్ది పాలరాయి మెరుపు తెచ్చేవారు. గుడ్డు తెల్లసొన కలిపేవారు కూడా. లండన్‌లో 1820లలో జాన్ నాష్ రీజెంట్స్ పార్క్ చుట్టూ కట్టించిన గొప్ప వరసిళ్లదీ ఇదే ఉపాయం. లోపల ఇటుక, పైన పూత, ఆ పూత మీద రాతి అతుకుల్లా గీతలు. చూసేవాడికి రాయి అనిపించాలి. అక్కడి చలికీ వానకూ దాన్ని నిలపడానికి మళ్లీ మళ్లీ రంగులు వేయాల్సి వచ్చింది. మన గచ్చుకు శత్రువు సిమెంటు. పాత సున్నపు గోడ తేమను పీల్చి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి గోడ ఉబ్బుతుంది, పెచ్చులూడుతుంది. నాంపల్లిలో అలా ఊడిన గోడల్ని చూసి పాత కట్టడం నాసిరకమని అనుకుంటారు. బాగు చేయబోయిన చెయ్యి చేసిన గాయం అది.

నాష్ వసారా పోయింది, మన కమానులు ఉన్నాయి

అదే నాష్ లండన్ రీజెంట్ స్ట్రీట్ వంపులో దుకాణాల ముందు స్తంభాల వసారా కట్టించాడు, వానలో తడవకుండా జనం నడవడానికి. కొట్లలోకి వెలుగు రావడం లేదని వ్యాపారులు గొడవ చేస్తే 1848లో దాన్ని తీసేశారు. వెలుగు కరువైన ఊళ్లో వసారా బరువైంది. ఎండ మండే ఊళ్లో అదే వసారా వరమైంది. పత్తర్‌గట్టి కమానుల కింద మే నెలలో నడిచి చూస్తే తేడా పాదాలకు తెలుస్తుంది.

బంగారు గడప

నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద గోల్డెన్ థ్రెషోల్డ్ అనే ఇల్లుంది. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ నివసించిన ఇల్లు. 1905లో వచ్చిన ఆమె తొలి కవితా సంపుటి పేరే ఇంటికి పెట్టారు. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైంది ఈ ఇంట్లోనే. గచ్చిబౌలి ఆవరణ తరవాతి కథ. ఒక ఇంటి పేరు గడప కావడం తెలుగువాళ్లకు కొత్తగా అనిపించదు. శుక్రవారం పసుపు రాసి, బొట్లు పెట్టి, కాలు తగలకుండా దాటేది గడపనే కదా.

కే.కే.

అబిడ్స్ నుంచి కొంచెం పైకి వెళ్తే కింగ్ కోఠీ. దాన్ని మొదట కట్టించుకున్నది కమాల్ ఖాన్. తన పేరు మొదటి అక్షరాలు, కే.కే. అని, తలుపుల మీదా కిటికీల మీదా చెక్కించుకున్నాడట. ఏడో నిజాం ఆ భవనం తీసుకున్నాక, చెక్కిన అక్షరాల్ని చెరపకుండానే వాటికి కింగ్ కోఠీ అని అర్థం చెప్పారని నగరంలో ముచ్చటగా చెప్పుకుంటారు.

అబిడ్ ఎవరు?

ఆల్బర్ట్ అబిడ్, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దుస్తుల వ్యవహారం చూసిన ఆర్మేనియన్. ఒకసారి తొడిగిన బట్ట మళ్లీ తొడగడని పేరున్న ప్రభువు దగ్గర ఆ కొలువు చిన్నది కాదు. ఆయన పెట్టిన పెద్ద దుకాణం పేరే చుట్టుపక్కల పేటకంతా వచ్చింది. తరవాత ఆ స్థలంలో ప్యాలెస్ టాకీస్ వచ్చింది, అదీ పోయింది. దుకాణం రాయి ఒక్కటీ మిగల్లేదు, పేరు మాత్రం రోజూ వేల నోళ్లలో పలుకుతోంది. పక్కనే చిరాగ్ అలీ లేన్ కూడా అంతే. నిజాం కొలువులో పనిచేసిన పండితుడు మౌల్వీ చిరాగ్ అలీ, 1895లో కన్నుమూశారు. ఎలక్ట్రానిక్ సామాన్ల కోసం ఆ గల్లీకి వెళ్లేవాళ్లు ఆయన పేరే అడుగుతారు.

బాటసారి కోసం 1919లో

1907 నాటి నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక సరాయి ఉంది. రైలు దిగినవాళ్లు తక్కువ ఖర్చుతో రాత్రి గడపడానికి ఏడో నిజాం పాలనలో 1919లో కట్టింది. వరస గదులు, ముందు వసారా, ఒకేలాంటి తలుపులు. ఇంగ్లండు వరసిళ్లలో ఒక్కో తలుపు వెనక ఒక కుటుంబం తరాల తరబడి ఉండేది. ఇక్కడ ఒక్కో తలుపు వెనక ఒక్క రాత్రి ఉండేది. తరవాతి కాలంలో దాని పైభాగాలు కూలి, చెట్లు మొలిచాయి. మార్కెట్‌కు దక్కిన మరమ్మతు దీనికీ దక్కాలని నాకు గట్టిగా ఉండేది. స్టేషన్‌కు ఇంత దగ్గరగా, రోడ్డుకు ఇంత దగ్గరగా ఉండి, రోజూ ఇన్ని వేలమంది కళ్ల ముందు ఒక కట్టడం పోవడం చూడలేకపోయాను.

మళ్లీ ఆదివారం పుస్తకాల కోసం వెళ్లినప్పుడు పొద్దున ఎనిమిదింటికల్లా చేరండి. ఎండ అప్పుడు ఏటవాలుగా ఉంటుంది, సున్నపు పూలతీగ ఆకు ఆకూ విడివిడిగా కనిపిస్తుంది. పొద్దెక్కే కొద్దీ ఎండ పైకి ఎక్కి, గోడ మళ్లీ మామూలు గోడ అయిపోతుంది.